‘బాగుంది’ అన్న తరువాత ఏం చెప్పాలి? – చదువరుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో నెలకొక ఆదివారం పది పదిహేను మందిమి పత్రికల గదిలో కూర్చుని, ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటున్నాము. దాదాపు అందరూ కథంతా చెప్పేసి, ‘చాలా బాగుంది, తప్పక చదవండి’ అని ముగిస్తున్నారు. కిందటి నెల ఒక మిత్రుడు మాత్రం ‘అంపశయ్య’ గురించి మాట్లాడుతూ ‘ఇందులో ఏమీ జరగదు, నాకు నచ్చలేదు’ అన్నాడు. అంతే, నలుగురూ ఆయన మీద విరుచుకుపడ్డారు. అసలు అభిప్రాయం ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ రోజు మీ గదిలో అభిప్రాయమంటూ చెప్పినవాడు ఆ మిత్రుడొక్కడేనని నాకు అనిపిస్తోంది. ఆయన అన్నది సగం మాటే అయినా, అబద్ధం మాత్రం కాదు. 1969లో వచ్చిన నవీన్ నవల ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే కుర్రవాడి ఒక్క రోజు బతుకు. నిద్ర లేచింది మొదలు అతని మనసులో ఒకదాని వెంట ఒకటిగా కదిలే ఆలోచనలూ, భయాలూ, జ్ఞాపకాలే అందులో కథ. బయట పెద్దగా ఏమీ జరగకపోవడం ఆ నవల ఎంచుకున్న పద్ధతి. మీ మిత్రుడు దాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు కానీ, అది తనకెందుకు పడలేదో చెప్పే లోపలే మీరు ఆయన నోరు మూయించారు. ‘ఏ పేజీ దగ్గర విసుగు పుట్టింది?’ అని ఒక్కరు అడిగి ఉంటే సంభాషణ మరోలా నడిచేది. హాస్టల్లో ఉండి, జేబులో చిల్లర లెక్క పెట్టుకుంటూ చదువుకున్నవారు ఆ గదిలో ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. అదే పేజీ తమను ఎందుకు వదలలేదో వారు చెప్పేవారు.

కథ చెప్పడం నేరమేమీ కాదు కానీ, దానికి అయిదు వాక్యాలు చాలు. ముగింపు చెప్పకూడదు, ఎందుకంటే గ్రంథాలయంలో జరిగే ముచ్చటకు ఫలితం మరొకరు ఆ పుస్తకాన్ని తమ కార్డు మీద ఇంటికి తీసుకువెళ్లడమే. మాట్లాడేవారు పుస్తకాన్ని వెంట తెచ్చుకోవాలనీ, తమను ఆపిన ఒక అర పేజీని పైకి చదవాలనీ, ఆ తరువాతే మెచ్చుకోలైనా అభ్యంతరమైనా చెప్పాలనీ ఒక చిన్న నియమం పెట్టుకుని చూడండి. అర పేజీ వినగానే, వినేవారికి తమ సొంత అభిప్రాయం ఒకటి పుడుతుంది; మాట్లాడేవారు కూడా గాలిలో మాట్లాడరు.

‘ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు’ అన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో మూడోది. ఆ పాఠకుణ్ణి పుస్తకం దగ్గరకు చేర్చేది పొగడ్త ఒక్కటే కాదు. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన నాతో ఒక నవల గురించి ‘సగం పుస్తకం నాట్లూ కోతలే, ఎవరు చదువుతారండీ’ అని విసుక్కున్నారు. నేను మరుసటి రోజే వెళ్లి దాన్ని తెచ్చుకున్నాను. నాకు కావలసింది ఆ నాట్లూ కోతలే.

ప్రశ్న: మా పాఠకుల సమావేశంలో ‘కన్యాశుల్కం’ మీద ఇద్దరికి వాదం పెరిగింది. నాటకం మొత్తాన్ని మధురవాణే నడిపిస్తుందని ఒకరు, ఆమె పాత్రకు అంత చోటే లేదని మరొకరు. ఇద్దరూ ఈ మధ్యనే చదివామంటున్నారు. ఎవరిది సరి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ ఊరి నాటకం మీద నన్ను తీర్పు చెప్పమంటున్నారు! అమ్మా, ముందు ఇద్దరి చేతుల్లో ఉన్న ప్రతులను పక్కపక్కన పెట్టి, ఎన్ని అంకాలున్నాయో లెక్కించండి. గురజాడ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శన పొంది, 1897లో అయిదు అంకాలతో అచ్చయింది. ఆయన దాన్ని చాలా పెంచి, దాదాపు కొత్తగా రాసి, 1909లో ఏడు అంకాలతో ప్రచురించారు. మధురవాణి మనకు తెలిసిన మధురవాణిగా ఎదిగింది ఈ రెండో కూర్పులోనే. మనం సాధారణంగా చదివేదీ అదే. అయితే తొలి కూర్పును పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) వెలికి తీసి మళ్లీ అచ్చు వేయించారు కనుక, అది కూడా కొన్ని గ్రంథాలయాలలో దొరుకుతుంది. ఇవి కాక, రంగస్థలం కోసం కుదించినవీ ఉన్నాయి. మీవారిద్దరూ వేరువేరు పుస్తకాలు చదివి ఒకే పుస్తకం మీద పోట్లాడుతున్నారేమో చూడండి. ఇద్దరి దగ్గరా ఏడు అంకాల ప్రతే ఉన్నట్లయితే మాత్రం నా మొగ్గు మొదటివారి వైపే. చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఎదుట మధురవాణి మాట్లాడే మాటలు పైకి చదివించండి, రెండోవారు ఏమంటారో విందాం.

ఇకనుంచి మీ సమావేశంలో పుస్తకం పేరుతో పాటు ఏ కూర్పు, ఎవరి ప్రచురణ, అనువాదమైతే ఎవరి అనువాదం అన్నది కూడా చెప్పించండి. అట్ట తిప్పితే కనిపించే సంగతే కానీ, అట్ట ఎవరూ తిప్పరు.

ప్రశ్న: మా గ్రంథాలయంలో పుస్తకాల చివరి పేజీల మీద పాఠకులు పెన్సిలుతో తమ అభిప్రాయాలు రాసి పోతున్నారు. ఇది తప్పు కాదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పే, సందేహం లేదు. అయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక పాత నవలలో, గడువు తేదీలు ముద్ర వేసే చీటీ పక్కన, ఎవరో ‘చెత్త నవల’ అని రాశారు. దాని కింద మరొక చేతిరాతతో ‘112వ పేజీ దాకానైనా చదివారా?’ అని ఉంది. ఆ కింద మళ్లీ మొదటి చేతిరాతే, ఈసారి సిరాతో: ‘చదివాను. అక్కడే ఆపేశాను.’ ఆ రోజు నేను ముందు తిరగేసింది 112వ పేజీనే.

రాయవద్దని బోర్డు పెడితే బోర్డు మీద కూడా రాస్తారు. పుస్తకాలు ఇచ్చే బల్ల పక్కన ఒక నోటుపుస్తకాన్ని దారంతో వేలాడదీయమని మీ గ్రంథపాలకుణ్ణి అడగండి. పుస్తకం పేరు, పేజీ సంఖ్య, రెండు వాక్యాలు రాయడానికి గీతలు కొట్టి ఉంచితే చాలు. పెన్సిలు కూడా ఆ దారానికే కట్టమనండి.