కొడుక్కి రాసిచ్చిన ఇల్లు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నా వయసు 71. రిటైర్డ్ ఉద్యోగిని, పెన్షన్ వస్తుంది. నాలుగేళ్ల కిందట నా స్వార్జితమైన ఇంటిని కొడుకు పేర సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించాను. ఏడాదిగా వాడూ కోడలూ పలకరించడం కూడా మానేశారు. ఆ దస్తావేజు రద్దు చేసేసి కూతురికి వీలునామా రాయమని తెలిసినవాళ్లు అంటున్నారు. రాయవచ్చా?

జవాబు: వద్దు. సెటిల్‌మెంట్ రిజిస్టరైన నాడే ఇల్లు కొడుకుదైపోయింది, దాన్ని మీరొక్కరే రద్దు చేయలేరు. మీది కాని ఇంటికి వీలునామా రాసినా అది చెల్లదు, పైగా అన్నాచెల్లెళ్ల మధ్య కొత్త వ్యాజ్యం పుడుతుంది.

కొడుకూ కోడలూ పలకరించడం లేదని రాశారు కానీ దస్తావేజులో ఏముందో ఒక్క ముక్కా రాయలేదు. కేసు తేలేది అక్కడే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సెక్షన్ 23 కింద ఆ బదిలీని చెల్లదని ప్రకటించాలంటే, ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతుతో రాసిచ్చినట్టు, ఆ షరతు తప్పినట్టు తేలాలి. షరతు రుజువు కావాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇచ్చిన తీర్పులో మాత్రం ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా అన్వయించాలంది. ఆ కేసులో దానపత్రంలోని పోషణ వాక్యంతో పాటు అదే రోజు కొడుకు రాసిచ్చిన హామీపత్రం తల్లికి కలిసొచ్చింది. ‘ప్రేమాభిమానాలతో ఇచ్చాను’ అని రాయించి ఊరుకుని ఉంటే మీ దారి కష్టమే. సంతకం పెట్టేముందు ఒక వాక్యం చేర్పించడానికి ఖర్చేమీ కాదు కదా!

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. కొడుకు ఇంటిని అమ్మాడా, తాకట్టు పెట్టాడా అన్నది ఈసీలో తెలుస్తుంది. మూడో మనిషి చేతికి వెళ్లి ఉంటే చిక్కే. షరతు కనిపిస్తే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో సెక్షన్ 23 కింద దరఖాస్తు పెట్టండి. మీరే కట్టుకున్న ఆసుపత్రి బిల్లులు, పాస్‌బుక్, కొడుకు పంపిన మెసేజ్‌లు జతచేయండి. నెలవారీ భరణం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సొంత ఆదాయంతో బతకలేనివారికే అది, మీకు పెన్షన్ ఉంది.

‘మోసం చేసి రాయించుకున్నాడు’ అని సివిల్ దావా వేయమంటారు కొందరు. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. అన్నీ తెలిసి నాలుగేళ్ల కిందట సంతకం పెట్టిన మీకు అది నిలవదు, ట్రిబ్యునల్‌లో మీ మాటకూ విలువ పోతుంది.

ఇల్లు తిరిగి మీ పేరుకొచ్చాక కూతురికి వీలునామా రాయవచ్చు. సాక్షులు ఇద్దరూ మీకంటే చిన్నవాళ్లై ఉండేలా, వాళ్లలో కూతురు గానీ అల్లుడు గానీ లేకుండా చూసుకోండి.