సర్వీసింగ్ బిల్లు ఎనిమిది వేలా? ఇంట్లనే చేస్కుంటే ఎంత మిగులుతది?

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగానికి సగం కారు సర్వీసింగ్ మీదనే ఉన్నయ్. మొదటిదానికి జర లంబా జవాబు రాస్తున్న, ఎందుకంటే ఆయన బిల్లు జిరాక్స్ గూడ పంపిండు, ఇగ బిల్లు చేతుల ఉంటే నాకు ఆగదు.

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ, వడ్డేపల్లి దిక్కు ఉంటం. మాది చిన్న పెట్రోల్ కారు, మూడేండ్లయింది, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న షోరూంల సర్వీసింగ్‌కు ఇస్తే సాయంత్రం 8,070 రూపాయల బిల్లు చేతుల పెట్టిండ్రు. మా బామ్మర్దేమో ఇంట్లనే ఆయిల్ మార్చుకుంటడు, రెండు వేలల్ల పని ఖతం అంటడు. నిజమేనా సార్? నేను గూడ షురూ చెయ్యొచ్చా? బయట చేపిస్తే వారంటీ పోతదని షోరూమోళ్లు అంటున్నరు, అదొక భయం.

జవాబు: తమ్ముడూ, మీ బామ్మర్ది చెప్పేది అబద్ధం కాదు గని పూర్తి లెక్క చెప్తలేడు. ముందుగాల మీ బిల్లే చదువుదాం. ఇంజన్ ఆయిల్ మూడున్నర లీటర్లు 1,850. ఆయిల్ ఫిల్టర్ 120, డ్రెయిన్ ప్లగ్ వాషర్ 20, ఎయిర్ ఫిల్టర్ 310, ఏసీ ఫిల్టర్ 480, అద్దం కడిగే నీళ్ల మందు 60. లేబర్ 1,950. చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 750. బ్రేకులు విప్పి తుడిచినందుకు 450. ఇంతవరకు నాకు పేచీ లేదు, కారుకు అక్కరున్న పనులే. ఆ కిందికి రండ్రి. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌కు గాలి పోయే తొవ్వ) క్లీనింగ్ 650, ఇంజన్ ట్రీట్‌మెంట్ అని ఓ చిన్న డబ్బా 480, ఏసీ వాసన పోయే స్ప్రే 550, ఎలుకలు రాకుండ స్ప్రే 400. ఈ నాలుగే 2,080 రూపాయలు. వీటిల ఒక్కటన్న మీరు నోరు తెరిచి అడిగిండ్రా? లేదు గదా. పొద్దుగాల హడావుడిల సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ ముందు పెట్టి ఇక్కడ సంతకం చెయ్యండి సార్ అంటడు, మనం ఆఫీసు టైం అయితుందని గీకి పడేసి ఆటో ఎక్కుతం, ఆ సంతకమే ఈ 2,080.

గ్లవ్ బాక్సుల పడి ఉండే ఓనర్స్ మాన్యువల్ తీసి చూడండ్రి, ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలె, ఏం చెక్ చెయ్యాలె అని చివరి పేజీలల్ల ఒక పట్టిక ఉంటది. మామూలు పెట్రోల్ కారుకు 10 వేల కిలోమీటర్లు లేకుంటే ఏడాది, ఏది ముందొస్తే అది. ఆ పట్టికల లేని పని షోరూమోడు చెప్తే, ఎందుకని అడగండ్రి. థ్రాటిల్ బాడీకి మసి పట్టి కారు నిలబడ్డప్పుడు ఇంజన్ వణుకుతుంటే కడగాలె, నేను వద్దంటలే. ఏ కంప్లయింట్ లేకుండ ప్రతి సర్వీసుకు కడిగితే మాత్రం అది వాళ్ల టార్గెట్ కోసం, మీ కారు కోసం కాదు. ఇంజన్ ట్రీట్‌మెంట్ డబ్బా సంగతి ఇంకా మజా. మంచి ఆయిల్‌ల మురికిని కడిగేటివి, అరుగుదల ఆపేటివి కంపెనీయే కలిపి పెడతది, దాని మీద మళ్లా ఇంకో డబ్బా దేనికి? ఆయిల్ నల్లగైందని చూపెట్టి భయపెడతరు గూడ, ఆయిల్ నల్లగ అయిందంటే లోపలి మసిని తన మీద వేసుకొని పని చేస్తుందని లెక్క, ఉత్త రంగు చూసి ఖరాబయిందని అనుకోవద్దు.

ఇగ ఇంట్ల చేస్కునే లెక్క. మాన్యువల్‌ల రాసిన గ్రేడ్ ఆయిల్ మూడున్నర లీటర్ల డబ్బా బయట 1,600 దాకా పడ్డది నాకు, ఫిల్టర్, వాషర్, ఎయిర్ ఫిల్టర్ కంపెనీవే కొంటే ఎంఆర్‌పీ ఎక్కడైనా అదే, 450. ఏసీ ఫిల్టర్ వేరే కంపెనీది 280కి దొరుకుతది. అన్నీ కలిపి 2,330. బామ్మర్ది చెప్పిన రెండు వేలు ఇదే. అయితే అలైన్‌మెంట్ ఇంట్ల అయ్యే పని కాదు, దానికి టైర్ల షాపుకు పోవాల్సిందే, ఓ 600 వేస్కోండ్రి. అంటే 2,930. మీ బిల్లుల నుంచి తీసేస్తే ఐదు వేలు మిగిలినట్టు కనపడతది. కనపడతది అనే అంటున్న, ఎందుకంటే అండ్ల 2,080 ఊకె వద్దు అన్న ఒక్క మాటతోని షోరూంలనే మిగిలేది, దానికి చేతులకు మసి పూసుకునే అక్కరే లేదు. ఇంకా సామాన్ల ఖర్చున్నది. కారు లేపినంక కింద ఆనిచ్చే రెండు జాక్ స్టాండ్లు, మంచి పానాల సెట్టు, ఫిల్టర్ విప్పే రెంచి, ఎంత బలంతోని బిగిస్తున్నమో చూపెట్టే టార్క్ రెంచి, ఆయిల్ పట్టే వెడల్పు గిన్నె, వీల్ కింద పెట్టే చెక్కలు, ఎంత బేరమాడినా నాలుగైదు వేలకు తక్కువ రావు. మొదటి ఏడాది మిగిలేది ఏం లేదు తమ్ముడూ, రెండో ఏడాది నుంచి ఏడాదికి ఓ మూడు వేలు. ఆ మూడు వేల కోసం ఓ ఆదివారం సగం పోతది. నాకైతే ఆ సగం ఆదివారమే ఇష్టం, మా ఇంటామెకు కాదు.

ఎందుకు కాదో చెప్తా. చానా ఏండ్ల కింద మొదటిసారి మా పోర్టికోల ఆయిల్ మార్చిన. పాత ఆయిల్ దించిన, ఫిల్టర్ తిప్పి తీసిన, కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలుతోని కొంచెం ఆయిల్ రాసి చేతితోని బిగించిన, అంతా పుస్తకంల ఉన్నట్టే. కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేసిన, పది సెకన్లు కాలే, కారు కింద నుంచి బుడబుడా చప్పుడు. బంద్ చేసి వంగి చూస్తే పోసిన ఆయిల్ సగం గచ్చు మీదున్నది, పొద్దుగాల ఆమె వేసిన ముగ్గు మునిగిపోయింది. జరిగిందేందంటే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఊడి రాకుండ ఇంజన్‌కే అతుక్కొని ఉండిపోయింది, నేను దాని మీదనే కొత్తది బిగించిన, రెండు రింగుల మధ్యల నుంచి ఆయిల్ తన్నుకొచ్చింది. ఇంకో నిమిషం నడిపితే ఇంజన్ పట్టేసేది. అప్పటి సంది పాత ఫిల్టర్ చేతులకు రాంగనే తిప్పి రింగు ఉన్నదా లేదా చూస్త, గచ్చు మీద మరక మాత్రం ఇప్పటికీ పోలే.

మీరు గూడ షురూ చేస్తే ఇంకొన్ని ముచ్చట్లు గుర్తుపెట్టుకోండ్రి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ప్రాణం పోయినా దూరొద్దు, చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ గుంజి, వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, జాక్ స్టాండ్ల మీద దించినంకనే దూరాలె. ఇంజన్ జర గోరువెచ్చగ ఉన్నప్పుడు దించితే ఆయిల్ మంచిగ దిగుతది, బాగ మరిగి ఉన్నప్పుడు విప్పితే చెయ్యి కాలుతది. డ్రెయిన్ ప్లగ్ బలమంతా పెట్టి బిగిస్తే కింద ఉన్న ఆయిల్ చాంబర్ మరలు పోతయ్, అది మార్చే ఖర్చుకు రెండు సర్వీసులు చేపించుకోవచ్చు, టార్క్ రెంచి కొనమన్నది అందుకే. లెక్క కన్న కొంచెం తక్కువ పోసి, ఒకసారి స్టార్ట్ చేసి, ఆపినంక ఐదు నిమిషాలాగి ఆయిల్ కొలిచే గేజ్ తీసి చూసి అప్పుడు మిగిలింది పోయండ్రి.

దించిన కాలిన ఆయిల్ మోరీల పోయొద్దు. మన దిక్కు చెదలకని తలుపులకు రాస్తరు, గోడ పొంటి పోస్తరు, అది గూడ వద్దు, వానకు అదంతా బోరు నీళ్లలకే దిగుతది. ఖాళీ అయిన డబ్బాలనే మళ్లా నింపి, కాలిన ఆయిల్ జమ చేసే ఆటోనగర్ షెడ్డుల ఇచ్చి రండ్రి.

వారంటీ సంగతి. మీది ఏ కంపెనీయో రాయలే గని, వారంటీ ఎన్నేండ్లో ముందు చూస్కోండ్రి, మారుతి అయితే 2024 జులై నుంచి డెలివరీ ఇచ్చిన కార్లకు మూడేండ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది, అంతకుముందు కొన్నోళ్లకు రెండేండ్లు, 40 వేలే. వారంటీ అయిపోయి ఎక్స్‌టెండెడ్ గూడ తీస్కోకుంటే మీకు భయమే లేదు. ఉన్నన్ని రోజులైతే షోరూంలనే చేపించి, అక్కరలేనివి కొట్టేపించుకోవడం తెలివి అంట నేను. చట్టం మన దిక్కు లేదని కాదు, విడి భాగాలు బయట దొరకనియ్యక, బయట షెడ్డుల చేపిస్తే వారంటీ లేదనుకుంట ఓనర్లను కట్టేస్తున్నరని 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంల పోటీని కాపాడే సర్కారు సంస్థ) 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైన జరిమానా వేసింది, కంపెనీలు ఊకుంటయా, అప్పీలుకు పోయినయ్. మీ గేర్ బాక్స్ చప్పుడు చేసిననాడు మీరు కమిషన్ ఆర్డర్ పట్టుకొని కౌంటర్ కాడ కొట్లాడతరా, సర్వీస్ బుక్కుల ముద్ర చూపెడతరా? ముద్రే సులువు.

వారంటీ దాటినోళ్లకు నడిమిట్ల తొవ్వ ఒకటున్నది. ఆయిల్, ఫిల్టర్ మీరే బిల్లుతోని కొనుక్కొని, తెలిసిన షెడ్డుకు పోయి కండ్ల ముందట మార్పించుకోండ్రి, కూలి ఐదారు వందలు తీస్కుంటరు. డబ్బా మూత సీలు మీరే తియ్యండ్రి, నకిలీ ఆయిల్ బెడద ఊకె లేదు. ఇంకోటి, కార్ల విడి భాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది, చానామట్టుకు ఇంతకుముందు 28 ఉండె. బిల్లుల ఆ జీఎస్టీ లైను మీద ఓసారి నజర్ వేయండ్రి.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ యార్డు కాడ మాకు మిర్చి దుకాణమున్నది. కార్ల ఏసీ వేస్తే సాలు ఇంట్లోళ్లందరికి తుమ్ములు. షోరూంల ఏసీ సర్వీస్ అంత చెయ్యాలె, మూడు వేల దాకా అయితది అన్నరు. చేపియ్యాల్నా?

జవాబు: అన్నా, ఆగండ్రి. మూడు వేలు పెట్టేముందు మూడు నిమిషాలు పెట్టండ్రి. గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలు లోపలికి వత్తితే అది కిందికి ఒరుగుతది, వెనక సన్నటి ప్లాస్టిక్ మూత ఉంటది, అది తీస్తే ఏసీ ఫిల్టర్ సొరుగు లెక్క బయటికొస్తది. కొన్ని పాత బేసిక్ మోడళ్లకు ఫిల్టరే ఉండదు, అదొక్కటి చూస్కోండ్రి. మా చుట్టమొకాయన కారు గూడ సీజన్ల యార్డు బయట పొద్దంత నిలబడేది, ఆ ఫిల్టర్ తీస్తే తెల్లగ ఉండాల్సిన మడతలల్ల ఎర్రటి దుమ్ము, నడుమ నడుమ మిర్చి గింజలు, పత్తి నూగు. దగ్గరికి పట్టి చూసిన, ఇగ పావుగంట తుమ్మిన. చపాటా రకం మిర్చి అయితే రంగే గని ఘాటు తక్కువ, మీ కాడ ఘాటైన తేజ రకం లోడ్లు దిగుతుంటయ్, అడిగేదేమున్నది.

కొత్త ఫిల్టర్ 280 నుంచి 500 లోపల వస్తది, పక్కన బాణం గుర్తుంటది, పాతది ఎటు దిక్కు చూపెడుతుందో ఫోన్ల ఫొటో తీస్కొని కొత్తది అట్లనే పెట్టండ్రి. మీరైతే ఏడాదికి ఒకటి కాదు, సీజన్ దాటంగనే ఇంకొకటి మార్చండ్రి. యార్డుల ఉన్నంతసేపు గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి పెట్టండ్రి. అప్పటికీ తుమ్ములు ఆగకుంటే, వాసన వస్తుంటే, అప్పుడు ఏసీ మెకానిక్ కాడికి పోదురు.

ప్రశ్న: నర్సంపేట నుంచి రాస్తున్న. రిటైరయినంక కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు గూడ తిరుగుతలేదు. అయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలె అంటున్నరు. పైసలు దండగ కాదా?

జవాబు: కాదు సార్, ఇది మాత్రం వాళ్లు కరెక్టే చెప్తున్నరు. అంగడి దాక, గుడి దాక రెండు మూడు కిలోమీటర్లు పోయి బంద్ చేస్తే ఇంజన్ పూర్తిగ వేడెక్కదు, లోపల పుట్టిన నీటి ఆవిరి, కాలని పెట్రోల్ బయటికి పోక ఆయిల్‌లనే కలుస్తయ్. తిరగని కారు ఆయిల్ గూడ ఖరాబయితది. ఏడాదికోసారి ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండ్రి, ఎయిర్ ఫిల్టర్ తీసి చూసి మంచిగుంటే ఉండనియ్యండ్రి, అలైన్‌మెంట్ ఈ ఏడు వద్దని చెప్పండ్రి. వారానికోసారి హన్మకొండ దాక ఒక్క ఊపుల వచ్చి పోతే బ్యాటరీ గూడ బతుకుతది.

ప్రశ్న: వీడియోలు చూసి బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుదామనుకుంటున్న, రెండు బోల్టులే ఉన్నయ్. మీ సలహా? (కాజీపేట)

జవాబు: బోల్టులు రెండే, నిజమే. గని ప్యాడ్లు మార్చినంక వాటిని ఒత్తే పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటది కాబట్టి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడ్డదా లేదా చూడకుండ బండి కదిలిస్తే మొదటి బ్రేకు పడదు, అది మీకు గేటు కాడ తెలుస్తదా, కాజీపేట బ్రిడ్జి మీద తెలుస్తదా నేను చెప్పలేను. మొదటిసారి షెడ్డుల మేస్త్రి పక్కన నిలబడి చూడండ్రి, రెండోసారి ఆయన చూస్తుంటే మీరు చెయ్యండ్రి, మూడోసారి నాకు ఉత్తరం రాయండ్రి.