పనస నీడలో హోస్టా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది. అత్తాకోడళ్లు బాగా కుదిరారు. వీడియో కాల్లో మాటలు దొరక్క ఒకరి వంటిల్లు ఒకరు చూసుకుంటూ కూర్చునే చోటు మరీ బాగుంది, దాని జోలికి వెళ్లకు. నా పేచీ అంతా ఆ మొక్కతోనే.

మిషిగన్ కోడలు సూట్‌కేసులో హోస్టా దుంప తెచ్చి కవిటిలో అత్తగారి పెరట్లో, పనసచెట్టు కింద పాతిందన్నావు. ఆఖరి పేజీకల్లా అది గుబురుకట్టి ఊదారంగు పూలు పూసింది, ఇద్దరూ కలిసిపోయారు. పూయదమ్మా. హోస్టా నీడ మొక్కే, ఏళ్ల తరబడి బతికేదే, కాదనను. కానీ దాని పుట్టిల్లు జపాను, కొరియా, చైనా వైపు. చలికాలం రాగానే ఆకంతా వాడి పడిపోయి, దుంప వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే మళ్లీ మొలక సరిగా లేవదు. మన దగ్గర పుష్యమాసంలో కూడా దుప్పటితో ఆగే చలే కదా. వెంట తెచ్చుకున్న బలంతో మొదట నాలుగాకులు వేస్తుంది, మరుసటి ఏడు సన్నబడుతుంది, ఆ తర్వాత పోతుంది. పోనీ. పూసిన హోస్టా కంటే పోతున్న హోస్టా దగ్గర ఆ ఇద్దరూ ఏం చేస్తారో చూడాలని నాకుంది.

ఇంకొకటి. నీ కథ నడిచేది 2019 వేసవిలో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి చుట్టూ ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ మరుసటి వేసవిలో నువ్వు ‘దట్టమైన పనస నీడ’ అని హాయిగా రాసుకుపోయావు. అత్తగారి చెట్టు నిలబడిందంటే ఊరంతా దాన్ని వచ్చి చూసిపోయి ఉంటారు, అదైనా రాయి. పడిపోయిందంటావా, ఇంకా మేలు. తరాలుగా నీడ తప్ప ఎరగని నేల మీద ఎండ నిట్టనిలువునా పడుతుంది. గట్టునున్న చేమాకులు ముందు అంచుల దగ్గర గోధుమరంగుకి తిరిగి, తర్వాత కాగితంలా పెళుసెక్కుతాయి. అలాంటి పెరట్లోకి కోడలు నీడ అడిగే మొక్కను పట్టుకొచ్చింది. అత్తగారి చేత ఒక్క డైలాగూ చెప్పించకు. కూలిన కొబ్బరి మట్టలు నాలుగు ఈడ్చుకొచ్చి, కర్రలు పాతి, ఆ దుంప మీద చిన్న పందిరి వెయ్యనీ.

పేరు గురించి అరపేజీ రాశావు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు, చక్రవర్తి వైద్యుడు హోస్ట్ పేరు మీద 1812లో పెట్టారని, మధ్యలో చాలాకాలం ఫుంకియా అని కూడా పిలిచారని. అంతా నిజమే. కొట్టెయ్. అవి కోడలికి తెలియవు, అత్తగారికి అక్కర్లేదు. ఆవిడ ఆ ఆకు చూసి, ‘ఇదేటే, మీ దేశం చేమా? కూరొండుకోవచ్చేటి?’ అంటుంది. నవ్వులాటకి కాదు, తినే దృష్టితోనే అడుగుతుంది. తమాషా ఏమిటంటే జపానులో దాని లేత మొలకల్ని ఉరుయి అని నిజంగానే వండుకు తింటారు. కోడలు మాత్రం దాన్ని అందానికే పెంచింది. ఈ ప్రశ్నకి ఆ పిల్ల ఏం జవాబు చెబుతుందో నువ్వే రాయాలి.

పెరట్లో పసుపు ఊసే లేదేం? ఉద్దానం పెరడు అన్నాక చెట్ల నీడన కాస్త పసుపు ఉండాలి కదా. మాఘం నాటికి ఆకు ఎండిపోతుంది, తవ్వకుండా వదిలేసిన కొమ్ము తొలకరికి మళ్లీ లేస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో ప్రథమాష్టమి పండక్కి పసుపాకులో పిండి పరిచి, మధ్యలో కొబ్బరీ బెల్లమూ పెట్టి, మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. ఎండూరి పిఠా అంటారు. మూత తియ్యగానే వచ్చే వాసన పసుపుకొమ్ము వాసన కాదు, అందులో పచ్చితనం ఉంటుంది. నీ అత్తగారి పొరుగింట్లో ఒడియా ఆవిడ ఉందని నువ్వే రాశావు. ఉట్టినే గోడ దగ్గర నిలబెట్టావు ఆవిణ్ణి. కథను కార్తీక పౌర్ణమి దాటించగలిగితే ఆవిడ ఆకుల కోసం పెరట్లోకి వస్తుంది. 2019లో ఆ ఆకులు ఉంటాయా, ఉంటే ఎలా ఉంటాయి? ఈ ఆదివారం బస్సెక్కి కవిటి వెళ్లి, తుపాను చూసిన ముసలమ్మలెవరినైనా అడుగు. ఫోన్లో అడగొద్దు, పెరట్లో నిలబడి అడుగు.

సూట్‌కేసు సంగతీ తేల్చు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటే దుంప బయటి దేశం నుంచి తేవాలంటే ముందస్తు పర్మిట్టూ, మొక్కకు జబ్బు లేదన్న సర్టిఫికెట్టూ ఉండాలి. నీ కోడలు చాటుగా తెచ్చిందా? అయితే హైదరాబాద్‌లో దిగినప్పుడు ఆ పిల్ల గుండె దడ ఒక వాక్యమైనా కనపడాలి. సాక్సులో చుట్టి తెచ్చిందంటే నేను నమ్ముతాను.

మార్చాక ప్రింటు తీసి పోస్టులో పంపు, నా కళ్లకి ఫోను అక్షరాలు ఆనడం లేదు. శ్రీకాకుళం వస్తే మాత్రం కథానిలయం దగ్గరే కలుద్దాం, ఆ కాగితాలు అక్కడే కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు