టికెట్ డబ్బు ప్లేట్లకి పోకూడదు

టి.నగర్, చెన్నై

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు మీ గాలా గురించి, అంటే ఆ విరాళాల విందు గురించి, చెప్పినదంతా రాత్రి చాలాసేపు ఆలోచించాను. గిండీ వైపు ఫైవ్‌స్టార్ హోటల్, మూడొందల మంది అతిథులు, ఎర్ర తివాచీ, వేలం పాట, హైదరాబాద్ నుంచి హీరో. వచ్చిన డబ్బంతా తుఫానుకి దెబ్బతిన్న తీరం ఊళ్ళకి. నాకు చాలా సంతోషమేసింది. కాస్త భయం కూడా వేసింది. ఫోన్‌లో చెబితే సగం నీకు గుర్తుండదు, సగం చెప్పడం నేనే మర్చిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. 1996 నవంబరు 6న కోనసీమని తుఫాను ఊడ్చేసినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం కలిసి ఒక సినిమా నైట్ చేశాం. లెక్కలు చూసే బాధ్యత నాది. హాలు నిండిపోయింది, పాటలు బాగా కుదిరాయి, మర్నాడు అందరూ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. వసూలైంది ఆరు లక్షలు. హాలు అద్దె, భోజనాలు, లైట్లు, కళాకారుల ప్రయాణాలు, హోటల్ గదులు అన్నీ పోగా మిగిలింది తొంభై వేలు. ఆ చెక్కు పట్టుకుని అమలాపురం దగ్గర ఒక ఊరికి వెళ్ళాం. కొబ్బరి తోట మొత్తం పోగొట్టుకున్న పెద్దాయన ఒకరు చెక్కు అందుకుని, దండం పెట్టి, "మా కోసం అంతా కలిపి ఎంత పోగు చేశారమ్మా?" అని అడిగారు. మామూలుగానే అడిగారు, తప్పు పట్టడానికి కాదు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ఆరు లక్షలు ఇచ్చినవాళ్ళు ఆయన కోసమనే ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం మా భోజనాలకీ, హంగులకీ పోయింది.

ఆ తర్వాత చేసిన ప్రతి కార్యక్రమానికీ ఒకటే నియమం పెట్టుకున్నాను. ఖర్చులు వేరే చేతులు కట్టాలి, అతిథి ఇచ్చిన రూపాయి రూపాయిగానే ఊరు చేరాలి. నువ్వు కూడా ఒక్క టికెట్ అమ్మకముందే ఆ పని పూర్తి చెయ్యి.

ఎలాగంటావా? హోటల్ బిల్లు నుంచి బ్యాడ్జీల దారం దాకా ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఒక్కొక్క ఖర్చుకీ ఎదురుగా ఒక్కొక్కరి పేరు రావాలి. "స్పాన్సర్ చెయ్యండి, అయిదు లక్షలు" అంటే తప్పించుకునే వ్యాపారి, "స్టేజి పూలు మీవి" అంటే ఒప్పుకుంటాడు. కోయంబేడు పూల వ్యాపారిని పూలడుగు, ప్రెస్సువాళ్ళని కార్డులడుగు, పాండీబజారు చీరల షాపువాళ్ళని వేలానికి ఒక ఉప్పాడ చీర అడుగు. ఎవరి దగ్గర ఏముందో అదే అడగాలి. హోటల్ ఖర్చు మాత్రం పెద్దది. దానికి ఒకరిద్దరు పెద్ద స్పాన్సర్లు కావాలి. వాళ్ళు దొరక్కపోతే హోటల్ మార్చు. స్కూలు ఆడిటోరియంలో అరిటాకు భోజనం పెట్టినా ఇచ్చేవాళ్ళు ఇస్తారు.

హోటల్‌తో మాట్లాడేటప్పుడు రెండు విషయాలు చూసుకో. ఒకటి గ్యారంటీ ప్లేట్లు. మూడొందలని రాసిస్తే రెండొందల ఇరవై మంది వచ్చినా మూడొందల ప్లేట్లకీ డబ్బు కట్టాల్సిందే. తక్కువ సంఖ్య రాసి, దాని మీద ఎంతమంది దాకా పెంచుకోవచ్చో ముందే ఒప్పందం చేసుకో. రెండోది తేదీ. ముహూర్తాల రోజుల్లో ఏ హోటలూ రేటు తగ్గించదు. డిసెంబరులో ఊరంతా సంగీత సభల హడావుడి, పైగా ఈశాన్య రుతుపవనాల వాన. సంక్రాంతికి మనవాళ్ళు ఊళ్ళకెళ్ళిపోతారు. అదే ఆడి మాసంలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, పెళ్ళిళ్ళు లేక హాళ్ళు ఖాళీగా ఉంటాయి. బేరం చెయ్యడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆరుబయట లాన్‌లో అయితే రాత్రి పది దాటాక మైకు ఆపాలన్నది రూలు, అదీ గుర్తుంచుకో.

ఇక హీరో సంగతి. ఆయన డబ్బు తీసుకోకుండా వస్తానన్నాడంటే నిజంగా మంచి మనిషే. కానీ ఆయన ఒక్కడే రాడు. మేకప్‌మన్, మేనేజరు, బాడీగార్డులు, వాళ్ళ విమానం టికెట్లు, గదులు, రెండు కార్లు ఉంటాయి. వాటిని ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేలాకే కార్డు మీద ఆయన ఫోటో వెయ్యి. సినిమావాళ్ళని పిలవద్దని నేను అనను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అప్పుడు నేను కాలేజీ పిల్లని. అప్పటికి తెలుగు సినిమా చాలావరకు ఇక్కడే, మద్రాసులోనే ఉండేది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఆంధ్ర ఊళ్ళన్నీ తిరిగి విరాళాలు పోగు చేశారు. జనం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపారు. మీ హీరోనీ అలాగే అడుగు. డాన్సు చెయ్యమని కాదు, మైకు పట్టుకుని తను ముందుగా ఎంతో కొంత ఇచ్చి, తర్వాత బల్లల మధ్యకి వచ్చి అందరినీ అడగమను.

డబ్బు అడిగే ఘట్టం సాయంత్రం మొత్తానికీ ప్రాణం. అందరూ దాన్ని చివరికి నెట్టి పాడుచేస్తారు. స్టార్టర్లు అయ్యాక, భోజనం తెరవకముందు, ఆ మధ్యలో అడగాలి. బిర్యానీ వాసన వచ్చాక ఎవరూ మైకు వైపు చూడరు. పై మొత్తం నుంచి కిందికి రా. ముందు "అయిదు లక్షలు ఎవరిస్తారు", తర్వాత రెండు లక్షలు, లక్ష, యాభై వేలు, చివరికి పదివేలు. ప్రతి మెట్టులోనూ మొదటి చెయ్యి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకో. అడిగాక ఎవరూ చెయ్యి ఎత్తకపోతే హాలంతా చల్లబడిపోతుంది, మళ్ళీ వేడెక్కదు. పదివేల దాకా వచ్చేసరికి ఎక్కువ చేతులు లేస్తాయి. అక్కడ తొందరపడకు, వాళ్ళందరి పేర్లూ చదివించు.

మైకులో ప్రకటించిన డబ్బు ఇంకా నీ చేతికి రాలేదని గుర్తుంచుకో. నేను చేసిన ఒక కార్యక్రమంలో చప్పట్ల మధ్య రెండు లక్షలు ప్రకటించిన పెద్దమనిషి ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు లక్షలకి పుస్తకాల షెడ్డు కడతామని మేము అప్పటికే ఒక స్కూలుకి మాటిచ్చేశాం. కాబట్టి చెయ్యి ఎత్తిన ప్రతివాళ్ళ దగ్గరికీ అప్పుడే ఒక పిల్లో పిల్లాడో ఫారం పట్టుకుని వెళ్ళాలి. పేరు, ఫోన్, పాన్ నంబరు, సంతకం తీసుకోవాలి. కుదిరితే డబ్బు కూడా అక్కడికక్కడే. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష హద్దు ఉంటుంది, పెద్ద మొత్తాలకి కార్డు మెషీనూ చెక్కూ సిద్ధంగా పెట్టు. బాల్‌రూములు చాలాచోట్ల బేస్‌మెంట్లో ఉంటాయి, సిగ్నల్ దొరకదు. ముందురోజే వెళ్ళి నీ ఫోన్‌తో ఒక రూపాయి పంపి చూడు.

కాగితాల విషయం నీకు విసుగు, నాకు తెలుసు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ కచేరీ పెట్టారు. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కి అందాయి. కానీ ఆ కచేరీ రికార్డుల మీద వచ్చిన అంతకన్నా ఎంతో పెద్ద మొత్తం ఏళ్ళ తరబడి అమెరికా పన్నుల శాఖ దగ్గర ఇరుక్కుపోయింది. పన్ను మినహాయింపు ఏర్పాటు ముందే చేసుకోకపోవడమే కారణం. అంతటివాళ్ళకే అలా జరిగింది. అందుకే టికెట్ డబ్బు నీ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకు, స్నేహితుల ఖాతాల్లోకీ వద్దు. నేరుగా మీ ట్రస్టు ఖాతాకే పోవాలి. ఆ ట్రస్టుకి అందరూ 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు) అని పిలిచే రిజిస్ట్రేషన్లు ఇప్పుడు అమలులో ఉన్నాయో లేదో చూడు. పాత కాగితం చూపిస్తే ఒప్పుకోకు. రెండు వేలకి మించి నగదుగా ఇస్తే ఇచ్చినవాళ్ళకి ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకీ రాదు. భోజనం, పాటకచేరీ కలిసిన టికెట్ ధర మొత్తానికి విరాళం రసీదు ఇచ్చెయ్యకు, ఆడిటర్ని అడిగి ఏది టికెట్టో ఏది విరాళమో విడిగా పెట్టించు.

డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య బృందం రెండు బల్లల టికెట్లు కొంటామన్నారన్నావు. అక్కడ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, రూపాయల్లో ఇచ్చినా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఉన్న సంస్థ అయినా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే జమ చేసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా కుదరదు. మీ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ లేకపోతే అన్నయ్యకి ఇప్పుడే చెప్పెయ్యి, నొచ్చుకోడు.

కంపెనీలు సీఎస్ఆర్ నిధులు, అంటే సమాజ సేవకి కేటాయించే డబ్బు, ఇస్తామంటే వాటిని గాలా ఖర్చుకి వాడుకుందామనుకోకు. తమ పేరు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కింద చెల్లదు. ఆ డబ్బుని నేరుగా ఊళ్ళో పనికి అడుగు. అలాగే లక్కీ డ్రా పెడదామన్నావు, వద్దు తల్లీ. తమిళనాడులో లాటరీలు 2003 నుంచే నిషేధం. దాని బదులు వేలం చాలు. పాటలు వేస్తే మ్యూజిక్ లైసెన్సు తీసుకోవాలి. పెళ్ళిళ్ళకి ఉన్న మినహాయింపు ఇలాంటి సభకి వర్తించదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కార్యక్రమం పట్టికలో "బాధితురాలి కన్నీటి గాథ, పది నిమిషాలు" అని రాశావు. అది తీసెయ్యి. ఇల్లు కూలిపోయిన మనిషిని తెచ్చి, లైటు వేసి, పట్టుచీరల ముందు ఏడిపించి డబ్బు అడగడం నాకు ఏనాటికీ సమ్మతం కాదు. ఆ ఊరి నుంచి మనిషిని పిలువు, తప్పకుండా పిలువు. కానీ అతిథిగా పిలువు. ముందు వరసలో బల్ల దగ్గర కూర్చోబెట్టు, రానుపోను ప్రయాణం, ఉండటానికి గది నీ బాధ్యత. నేతపని చేసే మనిషి అయితే గుంట మగ్గంలోకి నీళ్ళొస్తే ఏమేం పాడవుతాయో, మళ్ళీ మగ్గం ఆడాలంటే ఏమేం కావాలో తన పని గురించి తననే చెప్పమను. చేపలు పట్టే మనిషి అయితే వల గురించి. ఎవరి పని గురించి వాళ్ళకన్నా బాగా ఎవరు చెబుతారు? వింటున్నవాళ్ళకి ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది, చెయ్యి కూడా ధారాళంగా లేస్తుంది. ఫోటోలు తీసే ముందు ఆ మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే తీయించు.

డబ్బు దేనికి ఖర్చు చెయ్యాలో కూడా ఇక్కడ మనం కూర్చుని తేల్చకూడదు. 2004 సునామీ తర్వాత నాగపట్నం వెళ్ళినప్పుడు చూశాను. మనలాంటివాళ్ళు లారీలతో పంపిన పాత బట్టలు రోడ్డు పక్కన కుప్పలుగా పడి తడుస్తున్నాయి. ఎవరూ తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు? వాళ్ళు బట్టలు అడగలేదు. తర్వాత కొన్ని చోట్ల అవసరానికి మించి పడవలు వచ్చిపడ్డాయి. కాబట్టి కార్డు అచ్చుకి ఇవ్వకముందే నువ్వొకసారి ఆ ఊళ్ళకి వెళ్ళు. హోటల్ మెనూ రుచి చూడటానికి పెట్టుకున్న ఆదివారం దానికి వాడుకో. బియ్యం, దుప్పట్లు మొదటి వారంలో అందరూ ఇస్తారు. మీ గాలా నాటికి తుఫాను వచ్చి నెలలు గడిచిపోతాయి, టీవీవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. అప్పుడు ఏం లోటుగా ఉందో వాళ్ళనే అడుగు. అదే కార్డు మీద వెయ్యి.

గేటు దగ్గర కూర్చునే పిల్లలకి ఒక కథ చెప్పు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల దగ్గర ప్రదర్శనశాల గేటు కాపలాకి పధ్నాలుగేళ్ళ దుర్గాబాయిని పెట్టారు. నెహ్రూ గారు టికెట్ లేకుండా వస్తే ఆ పిల్ల ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. తర్వాత 1937లో ఈ మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆవిడే. మీ గేటులోనూ "మేము ఫలానా వారి మనుషులం" అని పదిమంది వస్తారు. పిల్లలు మర్యాదగా నవ్వుతూ టికెట్ అడగాలి. మన చుట్టాలైనా సరే, నేనైనా సరే. నా టికెట్ డబ్బు ట్రస్టు ఖాతాకి వేస్తాను, నంబరు పంపు.

కార్యక్రమం అయిపోయిన వారం లోపల, డబ్బు ఇచ్చిన ప్రతివాళ్ళకీ ఎంత వచ్చింది, ఖర్చు ఎవరు కట్టారు, ఊరికి ఎంత చేరింది ఒక పేజీలో రాసి పంపు. ఆరు నెలలకి మళ్ళీ ఒకటి. మిగిలిన భోజనం తీసుకెళ్ళడానికి రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటివాళ్ళతో ముందే మాట్లాడు. రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే ఎవరు పరిగెత్తుకొస్తారు?

హోటల్ కొటేషన్ మీద ఇంకా సంతకం పెట్టకు. శనివారం పొద్దున్నే దాన్ని తీసుకుని ఇంటికి రా. 1996 నాటి లెక్కల పుస్తకం అటక మీద నుంచి దింపించాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

మీ పెద్దమ్మ