మొదటి బంతా, రెండో బంతా? ఓడలో పసిపిల్లల రాత్రి భోజనం

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటి విషయం ఒక్కటే. విహార నౌకలో పగలంతా హాయిగా గడిచినా, రాత్రి భోజనం వేళకు చిన్నపిల్లలతో ఏం చేయాలో తోచడం లేదని ముగ్గురు పాఠకులు అడిగారు. మూడింటికీ ఇక్కడే జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: డిసెంబరు సెలవులలో గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల పశ్చిమ కరేబియన్ యాత్రకు వెళ్తున్నాం. బాబుకు ఐదేళ్లు, పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. మేం శాకాహారులం. రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకు కావాలా, ఎనిమిదికి కావాలా, రోజూ మాకు నచ్చిన వేళకు కావాలా అని టికెట్టు కొనేటప్పుడు అడిగారు. ఇంకా ఏదీ ఎంచుకోలేదు. మా పిల్లలు పెళ్లి విందులో కూడా అరగంట కుదురుగా కూర్చోరు. వారమంతా బఫేలోనే తినేస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. అంత డబ్బు కట్టి పెద్ద భోజనశాలను వదులుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందుగా మీ చివరి వాక్యం గురించి చెబుతాను. ఓడలో ప్రధాన భోజనశాల, పై డెక్‌లోని బఫే రెండూ టికెట్టు ధరలో కలిసే ఉంటాయి. ఒక రాత్రి భోజనశాల మానేసి బఫేలో తిన్నంత మాత్రాన మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. డబ్బు కట్టాం కాబట్టి ఏడు రాత్రులూ తెల్లగుడ్డ పరచిన బల్ల దగ్గరే కూర్చోవాలన్న పట్టుదల వల్లే చాలామంది తల్లిదండ్రులకు ఆ భోజనం శిక్షగా మారుతుంది. మొదట వచ్చే చిరు వంటకం, తరువాత అసలు భోజనం, చివర తీపి, అన్నీ వరసగా వచ్చి ముగిసేసరికి గంటంబావు నుంచి గంటన్నర పడుతుంది. మీ పిల్లల ఓపిక అరగంట అని మీరే రాశారు. మిగిలిన గంటను ఎలా తగ్గించాలి, తగ్గని రోజున ఎలా తప్పించుకోవాలి అన్నదే అసలు ప్రశ్న. ఏడింటిలో నాలుగు రాత్రులు భోజనశాలలో, మూడు రాత్రులు బఫేలో అనుకుని బయలుదేరితే మీ ఇద్దరి మాటా నెగ్గినట్టే.

ఇక వేళ సంగతి. ఓడవాళ్లు సీటింగ్ అనేది మనం పెళ్లి భోజనాలలో బంతి అనేదే. మీరు మొదటి బంతినే ఎంచుకోండి. పిల్లలకు త్వరగా ఆకలి వేస్తుందన్నది అందరికీ తెలిసిన కారణమే. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. బంతి నిర్ణయించుకున్నవారికి యాత్ర అంతా సాధారణంగా అదే బల్ల, అదే వెయిటరు ఉంటారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఓడలో రోజూ ఒకే చోట కూర్చుంటే ఆ వడ్డించేవాడు రెండో రాత్రికే మనవాడవుతాడు. బాబుకు సాస్ లేని పాస్తా కావాలని, పాప పాలు గోరువెచ్చగా ఉండాలని మూడో రాత్రికి మీరు చెప్పవలసిన పని ఉండదు. నచ్చిన వేళకు వెళ్లే పద్ధతిలో ఈ సౌకర్యం కరువవుతుంది. పైగా ఆరున్నర, ఏడు గంటల మధ్య తలుపు దగ్గర బారులో నిలబడవలసి రావచ్చు, ఆకలితో ఉన్న రెండేళ్ల పిల్లతో బారు అంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎనిమిది గంటల బంతిలో అసలు వంటకం వచ్చేసరికి పాప ఒడిలో నిద్రపోతూ ఉంటుంది.

సెలవుల యాత్రలలో మొదటి బంతి త్వరగా నిండిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకండి. ఇప్పటికే నిండిపోతే వేచి ఉండేవారి జాబితాలో పేరు వేయించి, ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నమే భోజనశాల పెద్దను స్వయంగా కలవండి. ఆ పూట బల్లల మార్పుల కోసమే ఆయన అందుబాటులో ఉంటారు. ఆయననే మరో మూడు విషయాలు అడగండి: అపరిచితులతో పంచుకోనక్కరలేకుండా మీ కుటుంబానికే ఒక బల్ల, పాపకు హైచెయిర్, వేడి పళ్లేలు మోసే దారికి దూరంగా గోడ పక్కన చోటు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. కుర్చీ దిగి పరుగెత్తే పిల్ల ఉన్నవారికి అదే అన్నిటికంటే ముఖ్యం.

భోజనశాలలో కూర్చున్న వెంటనే, మీ మెనూ తెరవకముందే పిల్లలకు కావలసినవి చెప్పేయండి. పిల్లల మెనూలో శాకాహారులకు పాస్తా, చీజ్ వేసిన మాకరోని, పిజ్జా, బంగాళాదుంప వేపుడు ముక్కల వంటివి దొరుకుతాయి. పెద్దలకు మొదటి వంటకం వచ్చేటప్పుడే పిల్లల అసలు భోజనం, పెద్దల అసలు భోజనం వచ్చేటప్పుడే పిల్లల ఐస్‌క్రీమ్ తెమ్మని మొదటి రాత్రే వెయిటరుకు చెప్పండి. ఈ ఒక్క మాటతో ఎంతో సమయం కలిసి వస్తుంది. ఐస్‌క్రీమ్ అయిపోయాక మీలో ఒకరు పిల్లలను అద్దాల కిటికీ దాకానో, బయటి డెక్ మీదికో తీసుకువెళ్లి పది నిమిషాలు తిప్పి తీసుకురండి, మరునాడు ఆ వంతు రెండోవారిది. బల్ల మీద రంగు పెన్సిళ్లు, అంటించుకునే బొమ్మలు ఉంచండి. ఫోను చూపించడం తప్పా అని మీరు అడగలేదు కానీ, శబ్దం తీసేసి చివరి పావుగంటలో చూపిస్తే తప్పేమీ లేదని నా అభిప్రాయం. మొదటి నిమిషంలోనే ఇచ్చేస్తే మాత్రం తరువాత చేతిలో ఇంకేమీ మిగలదు.

ఓడ సిబ్బంది పిల్లలను ఆడిస్తూ చూసుకునే పిల్లల క్లబ్బు విషయంలో మీ కుటుంబానికి ఒక చిక్కు ఉంది. రాయల్ కరేబియన్ కంపెనీ ఓడలలో క్లబ్బులోకి మూడేళ్లు నిండి, డయపరు మానేసిన పిల్లలనే తీసుకుంటారు. అంతకంటే చిన్నవారిని గంటకు ఇంత అని రుసుము తీసుకుని శిశు విభాగంలో చూస్తారు. కార్నివాల్ ఓడలలో రెండేళ్ల నుంచే తీసుకుంటారు. డిస్నీ ఓడలలో రెండో బంతిలో కూర్చున్నవారి పిల్లలకు ముందుగా వడ్డించి, మూడేళ్లు దాటినవారిని క్లబ్బు సిబ్బందే భోజనశాల నుంచి తీసుకువెళ్లే ఏర్పాటు ఉంది. మీరు ఓడ పేరు రాయలేదు కాబట్టి ఏది వర్తిస్తుందో మీరే చూసుకోవాలి. బాబును వారంలో రెండు రాత్రులు, తిన్న తరువాత, క్లబ్బులో వదలడం నాకు సమ్మతమే. పాప మాత్రం మీతోనే ఉంటుందనుకుని సిద్ధపడండి.

శాకాహారం గురించి బెంగ పడనక్కరలేదు. అమెరికా నుంచి బయలుదేరే పెద్ద ఓడలు చాలావాటిలో భారతీయ శాకాహార వంటకాలు చేస్తారు. టికెట్టు కొన్నప్పుడే నమోదు చేయించి, మొదటి రాత్రి వెయిటరుకు మళ్లీ చెప్పి, మరునాటి వంటకాన్ని ముందు రాత్రే మాట్లాడుకోవడం మంచిది. పిల్లల పళ్లెంలో కారం వద్దని విడిగా చెప్పాలి. పాపకు పెరుగన్నం లేనిదే పొద్దు గడవకపోతే, వట్టి అన్నం భోజనశాలలో దొరుకుతుంది. పెరుగు ఎక్కువగా ఉదయపు బఫేలో కనిపిస్తుంది, అందులోనూ తీపి కలిపినవే ఎక్కువ. తీపి, పండ్ల రుచి ఏదీ కలపని పెరుగు రాత్రికి తెప్పించగలరా అని వెయిటరును ముందే అడిగితే సాధారణంగా తెస్తారు.

మనవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. రైస్ కుక్కర్, విద్యుత్ కెటిల్ వంటి వేడి చేసే పరికరాలను ఈ ఓడలలోకి అనుమతించరు, కారణం అగ్నిప్రమాద భయం. మా కుటుంబంలోనే ఒకరు రెండు చీరల మధ్య పెట్టి తెచ్చిన బుల్లి కుక్కర్ రేవులోని స్కానరు దాటలేదు, యాత్ర ముగిశాకే తిరిగి చేతికి వచ్చింది. ఇంట్లో వండిన పదార్థాలకు కూడా సాధారణంగా అనుమతి ఉండదు. సీలు తీయని అంగడి పొట్లాలు, అంటే కందిపొడి, ఖాక్రాలు, పిల్లల ఆహారం వంటివి, తీసుకువెళ్లవచ్చు. అమ్మ పెట్టిన ఆవకాయను ఇంట్లోనే ఉంచండి.

కొజుమెల్ వంటి రేవులో దిగిన రోజున పిల్లలు ఇసుకతో, ఎండతో అలసి తిరిగివస్తారు. అప్పటికే నాలుగున్నర అవుతుంది. ఆ రోజు మొదటి బంతికి పరుగులు పెట్టకండి, స్నానం చేయించి బఫేకి తీసుకువెళ్లండి. ముందు రాత్రే వెయిటరుకు రేపు రామని చెబితే మర్యాదగా ఉంటుంది. డిసెంబరులో కొజుమెల్ సమయం గాల్వెస్టన్ కంటే గంట ముందుంటుంది. ఫోను తనంతట తానే సమయం మార్చుకుంటుంది కానీ ఓడ గడియారం మారకపోవచ్చు. భోజనానికైనా, ఓడకు తిరిగి చేరడానికైనా ఓడ సమయమే లెక్క.

సముద్రం అలజడిగా ఉన్న రాత్రి మాత్రం బఫే వద్దు. పై డెక్‌లలో ఊపు ఎక్కువగా తెలుస్తుంది. ప్రధాన భోజనశాల చాలా ఓడలలో కింది డెక్‌లలోనే ఉంటుంది కాబట్టి వాంతి వచ్చే పిల్లలకు అదే నయం. ఎక్కడ తిన్నా ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఓడలలో కడుపు జబ్బులకు ముఖ్య కారణమైన నోరోవైరస్ మీద ద్వారం దగ్గరి శానిటైజరు జెల్ అంతగా పనిచేయదు.

ప్రశ్న: మే నెలలో హైదరాబాదు నుంచి సింగపూరు వెళ్లి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేస్తాం. బాబుకు అప్పటికి పది నెలలు నిండుతాయి. ఇంట్లో రాత్రి ఏడున్నరకు ఉగ్గు తిని తొమ్మిదికి పడుకుంటాడు. పిల్లలున్నవారు మొదటి బంతి తీసుకోవాలని అందరూ అంటున్నారు. ఉగ్గు ఎలా వండాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: పైన ఫ్రిస్కో పాఠకురాలికి చెప్పినదానికి తలకిందులుగా మీకు చెప్పవలసి వస్తోంది. సింగపూరు సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం ఐదున్నర బంతికి మీరు కూర్చుంటే బాబు కడుపు లెక్కన మధ్యాహ్నం మూడు గంటలు. వాడికి ఆకలీ ఉండదు, మధ్యాహ్నపు నిద్రా తీరదు. రాత్రి ఎనిమిది బంతి వాడికి సాయంత్రం ఐదున్నరతో సమానం, నిద్ర లేచి హుషారుగా ఉండే వేళ. నాలుగు రాత్రులలో పసిపిల్లల నిద్ర పూర్తిగా అక్కడి వేళకు మారదు కాబట్టి మీకు రెండో బంతే మేలు. అయితే వాడి అసలు భోజనం వేళ సింగపూరులో రాత్రి పది అవుతుంది. అప్పటికి బఫే మూసేసే అవకాశం ఎక్కువ. బాబుకు కావలసింది ముందే తెచ్చి గదిలో ఉంచుకోండి. మొదటి సాయంత్రానికి ఈ లెక్క వర్తించదు. రాత్రి విమానంలో సగం నిద్రతో దిగిన పిల్లవాడికి గడియారం ఏదీ ఉండదు. ఆ రోజు ఏడుపు మొదలుకాకముందే మీరు ఏదో ఒకటి తినేసి పడుకోండి.

ఉగ్గును ఓడలో వండలేరు. మంచి ఫ్లాస్కు తీసుకువెళ్లి, బఫేలో పానీయాల దగ్గర వేడినీళ్లు పట్టుకోండి. పచ్చి బియ్యప్పిండి ఫ్లాస్కు నీళ్లతో ఉడకదు, వేయించి కొట్టిన పొడి కూడా సరిగా ఉడకదు. అటుకులు ముందే ఉడికి తయారైనవి కాబట్టి వాటి మెత్తని పొడి వేడినీళ్లకే జావలా అవుతుంది. వేడినీళ్లు కలిపితే చాలు అని రాసి ఉన్న సీలు పొట్లాలైతే తనిఖీలో ప్రశ్నలు తక్కువ. ఏది తీసుకువెళ్లినా ప్రయాణానికి వారం ముందు ఇంట్లో పొయ్యి వెలిగించకుండా, ఫ్లాస్కు నీళ్లతోనే కలిపి రెండుసార్లు పెట్టి చూడండి. కొత్త రుచిని వాడు సముద్రం మీద కాదనడం కంటే కూకట్‌పల్లిలో కాదనడం మీకు మంచిది. భోజనశాలలో ఆవిరిపై ఉడికించిన క్యారెట్, బంగాళాదుంప అడగవచ్చు. ఉప్పు, వెన్న వేయవద్దని చెప్పి, చెంచాతో మీరే మెదిపి పెట్టండి. తీపి కోసం తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి మమ్మల్ని కూడా ఓడ ప్రయాణానికి తీసుకువెళ్తున్నాడు. మనవరాలికి ఏడేళ్లు, మనవడికి నాలుగు. ఓడలో విడిగా డబ్బు కట్టి తినే ఖరీదైన హోటలు ఉందట. రెండు రాత్రులు అబ్బాయీ కోడలూ అక్కడ తింటామని, పిల్లలకు మమ్మల్ని అన్నం పెట్టమని అంటున్నారు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. పిల్లలను చూడటానికే తీసుకువెళ్తున్నారా అని మావారు కొంచెం నొచ్చుకున్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండు రాత్రులు పెద్ద విషయం కాదమ్మా, కానీ మూడోది మీ ఇద్దరిది అని ఇప్పుడే అబ్బాయితో చెప్పండి. ఆ రాత్రి పిల్లలను వాళ్లు చూసుకుంటారు, మీరిద్దరూ పెద్ద భోజనశాలలో తీరికగా కూర్చుంటారు. ఈ మాట బయలుదేరే ముందు అనుకుంటేనే బాగుంటుంది, ఓడ ఎక్కాక అంటే నిష్ఠూరంలా వినిపిస్తుంది.

మీకు అప్పగించిన రెండు రాత్రులు బఫేకే వెళ్లండి. అక్కడ వంటకాలు కంటికి కనిపిస్తాయి, వేలు చూపిస్తే వడ్డిస్తారు, ఇంగ్లీషుతో పెద్దగా పని పడదు. వడ్డించే సిబ్బందిలో మనదేశంవాళ్లు కూడా చాలామంది ఉంటారు. నాలుగేళ్లవాడిని బల్ల దగ్గర మీవారితో కూర్చోబెట్టి, మనవరాలిని వెంట తీసుకువెళ్లండి. మాంసం కలిసినది ఏదో ఆ పిల్లే చదివి చెబుతుంది. ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజులు ఇందుకు అనువైనవి, ఆ రోజు పిల్లలు మధ్యాహ్నం పడుకుంటారు కాబట్టి సాయంత్రం పేచీ తక్కువ. గది నంబరు, డెక్ నంబరు ఒక కాగితం మీద రాసి మీ సంచిలో వేసుకోండి. నడవాలన్నీ ఒకేలా ఉంటాయి, నిద్ర మత్తులో ఉన్న మనవడిని భుజాన వేసుకుని గది వెతకడం కష్టం.