కొత్త పుస్తకాన్ని జూలైలోనే తీసుకురండి, డిసెంబరు దాకా ఆపకండి

కొత్తగా ప్రచురణ మొదలుపెట్టిన మీరు తొలి కథల పుస్తకాన్ని వేసవి సెలవులు ముగియగానే విడుదల చేయాలా, హైదరాబాదు పుస్తక ప్రదర్శన దాకా ఆగాలా అని అడిగారు. విజయవాడలో నేనూ మా ఆవిడా కలిసి ఏడాదికి నాలుగైదు పుస్తకాల చొప్పున పదకొండేళ్లుగా వేస్తున్నాం. జూలైలోనే తీసుకురమ్మని గట్టిగా చెబుతాను.

జూన్ మాత్రం వద్దు. మామూలుగా 12వ తేదీ ప్రాంతంలో బడులు తెరుస్తారు కనుక ఆ నెల జీతం ఫీజులకూ నోటు పుస్తకాలకూ పోతుంది. జూలై సగానికి ఇళ్లు కుదుటపడతాయి, చదివేవారి చేతికి కాస్త డబ్బూ తీరికా వస్తాయి. డిసెంబరులో హైదరాబాదులోనూ, జనవరిలో మా విజయవాడలోనూ జరిగే ప్రదర్శనల కోసం ప్రచురణకర్తలందరూ ఒక్కసారే కొత్త పుస్తకాలు దింపుతారు, ఆ రద్దీలో చిన్న సంస్థ పుస్తకం బల్ల చివర కనబడకుండా ఉండిపోతుంది. అదే జూలైలో వచ్చిన పుస్తకాన్ని అప్పటికే నలుగురు చదివి, పదిమందికి చెప్పి ఉంటారు కాబట్టి పాఠకులు పేరు చెప్పి మరీ అడుగుతారు.

అయితే జూలైలో విడుదల చేయడమంటే జూలైలో అచ్చు వేయించడం కాదు. ఈ సంగతి నాకు నాలుగేళ్ల క్రితం తెలిసివచ్చింది. 160 పేజీల, అంటే పదహారేసి పేజీల అచ్చు కాగితాలు (ఫారాలు) పదింటి కథల పుస్తకం, 500 ప్రతులు, మే చివరలో ప్రెస్సుకు ఇచ్చాం. ఆ రోజుల్లో బైండింగు వాళ్లు బడి పుస్తకాల పనిలో మునిగి ఉంటారు, మా ఫారాలు నెలన్నర ఓ మూల పడి ఉన్నాయి. ఈలోగా ఆషాఢం వచ్చింది, ఆ నెలలో ఆవిష్కరణ వద్దని రచయిత ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు. చివరికి శ్రావణంలో ఓ ఆదివారం ఖాయం చేసి ఆహ్వానపత్రికలు పంచేశాం.

ముందురోజు రాత్రి తొమ్మిదింటికి, జోరువానలో, టార్పాలిన్ కప్పుకుని కట్టలు ఆటోలో వచ్చాయి. మా ఆవిడ మొదటి కట్ట తాడు కోయగానే పై పుస్తకం అట్ట ఎండిన తమలపాకులా పైకి చుట్టుకుపోయింది. అట్టకు బయటివైపే లామినేషన్, అంటే పలచని ప్లాస్టిక్ పొర, ఉంటుంది, లోపలివైపు కాగితం మాత్రం వానాకాలపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకే అట్ట బయటికి వంగిపోతుంది. ఆ రాత్రి ఇద్దరం పుస్తకాలను ఇరవయ్యేసి చొప్పున వెన్నులు అటూ ఇటూ మార్చి పేర్చి, పైన చెక్కపలక వేసి, దాని మీద బియ్యం బస్తాలు ఎక్కించాం. తెల్లవారేసరికి చాలావరకు సర్దుకున్నాయి కానీ, సభలో బరువు లేకపోయేసరికి అట్టలు మళ్లీ లేచాయి. మొదటి వరుసలో కూర్చున్న ఓ పెద్దాయన తాను కొన్న ప్రతిని ఒళ్లో పెట్టుకుని, ఉపన్యాసాలు జరిగినంతసేపూ అరచేత్తో అట్టను అణచిపెడుతూనే ఉన్నారు. నాకు ఆ రోజు ఆ చెయ్యి తప్ప మరేదీ కనబడలేదు.

అప్పటినుంచి ఫిబ్రవరిలో ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రతులు చూడటం, ముగించి, మార్చి మొదటి వారంలో ప్రెస్సుకు ఇస్తున్నాం. పొడి వాతావరణంలో బైండింగు పూర్తయి, ఏప్రిల్‌కల్లా కట్టలు ఇల్లు చేరతాయి. డబ్బు రెండు మూడు నెలలు ఇరుక్కుంటుంది, నిజమే, అయినా పుస్తకం తిన్నగా ఉంటుంది. ఆవిష్కరణ ఆషాఢంలోనే పెట్టుకోండి. పెళ్లిళ్లు ఉండవు కనుక హాళ్లు దొరుకుతాయి, జనానికి ఆదివారాలు ఖాళీగా ఉంటాయి, పుస్తకానికి ముహూర్తం అక్కర్లేదు. శాలువాలకూ ఆరుగురి ప్రసంగాలకూ రెండు గంటలు పోయి, పుస్తకంలోంచి ఒక్క పేరా కూడా చదవని సభలు చూసి చూసి బాధ కలుగుతోంది. రచయిత చేత ఒక కథ పూర్తిగా చదివించండి.

దూరాన ఉన్న పాఠకులకు పుస్తకం చేర్చడం మరో బెంగ. పుస్తకాలను చవగ్గా పంపుకునే తపాలా సేవ, రిజిస్టర్డ్ బుక్ పోస్టు, 2024 డిసెంబరులో ఆగిపోవడం మాలాంటివారికి పెద్ద దెబ్బ. 2025 మే 1 నుంచి వచ్చిన జ్ఞాన్ పోస్టు అనే కొత్త తపాలా సేవలో 300 గ్రాముల వరకు పన్నులు కాక 20 రూపాయలు, అయితే ఏ రకం పుస్తకాలకు వర్తిస్తుందో నిబంధనలు ముందే చదువుకోండి. డెమీ సైజులో, అంటే మామూలు కథల పుస్తకం కొలతలో, పది ఫారాల పుస్తకం ప్యాకింగుతో కలిపినా ఆ బరువు దాటదు, కాబట్టి పేజీలు నిర్ణయించేటప్పుడే ఈ లెక్క చూసుకోండి.

మీ పుస్తకం ఇంకా ప్రూఫుల్లోనే ఉంటే ఆహ్వానపత్రిక అచ్చు వేయించకండి. కట్టలు ఇంటికి వచ్చాక ఒక ప్రతి తీసి రాత్రంతా బల్ల మీద వదిలేయండి, ఉదయానికి అట్ట లేవకుండా ఉంటే అప్పుడు అందరికీ తేదీ చెప్పండి.