తీతువా, ఉల్లంకా?

సందేహం: ప్రకాశం బ్యారేజి దిగువన రాళ్ళ మీద తిరిగే చిన్న పిట్ట ఫొటో కింద ‘శీతాకాలంలో సైబీరియా నుంచి వలస వచ్చి తోక ఊపుతున్న తీతువు’ అని రాశారు. తీతువు ఏడాది పొడుగునా పొలంలో అరిచేదేనని మా అమ్మమ్మ అంటుంది. ఏది సరి? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ అమ్మమ్మగారి మాటే సరి. ఆ వాక్యంలో పేరూ తప్పే, కాలమూ తప్పే.

తీతువు మన నేల మీదే గుడ్లు పెట్టే పిట్ట. దాని అరుపే దాని పేరు. సంస్కృతంలో టిట్టిభమూ అలా పుట్టిందే. పసుపుపచ్చని పొడుగు కాళ్ళు, నల్లని రొమ్ము, కంటి ముందు ఎర్రని తోలు మడత దాని గుర్తులు. తోక ఆడిస్తూ నీటి అంచున ఒంటరిగా తిరిగేది ఉల్లంకి, బహువచనం ఉల్లంకులు. ఇది చాలా జాతులకు ఉమ్మడి పేరు. ఫొటోలోని జాతిని పక్షి పరిశీలకులు కామన్ శాండ్‌పైపర్ అంటారు.

గోరింక కన్నా చిన్నది, 20 సెంటీమీటర్లుంటుంది. వీపు గోధుమ వన్నె. పొట్ట మీది తెలుపు మడిచిన రెక్కకు ముందుగా భుజం మీదికి ఎగబాకుతుంది. ఆనవాలు పట్టడానికి అదొక్కటి చాలు. ‘తోక ఊపుతోంది’ అంటే కుక్క తోకలా పక్కలకు అనిపిస్తుంది. ఉల్లంకికి నడుము నుంచి వెనక భాగమంతా పైకీ కిందికీ ఆడుతుంది కనుక ‘తోక ఎగరేస్తోంది’ అనడం నయం. బెదిరినా ఎత్తుకు లేవదు. నీటిని తాకీ తాకనట్టు, బిగదీసిన రెక్కలు నాలుగుసార్లు టపటపలాడించి, కాస్త జారి, మళ్ళీ కొట్టి, అవతలి రాయి మీద వాలుతుంది.

‘శీతాకాలంలో వచ్చింది’ అనకూడదు. ఇవి శ్రావణ భాద్రపదాల్లోనే దిగి, చైత్ర వైశాఖాల్లో తిరిగి వెళ్తాయి. ‘శీతాకాలపు విడిది’ అంటే ఒప్పుకోవచ్చు.

ఇక సైబీరియా. ఈ జాతి యూరప్ నుంచి జపాన్ దాకా, మన కాశ్మీరు, లడాఖ్‌లలోనూ గుడ్లు పెడుతుంది. కాలికి గుర్తింపు ఉంగరం లేని పిట్ట ఫలానా చోటి నుంచి వచ్చిందని రాయడం సాహసమే. గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచే గూడబాతులను (పెలికాన్లను) కూడా సైబీరియా పక్షులనేస్తున్నారు! అవి ఈ దేశపు పక్షులే. పోనీ ‘ఉత్తరాది నుంచి’ అందామా అంటే, తెలుగులో ఆ మాట ఉత్తర భారతానికే స్థిరపడిపోయింది.

ఆ ఫొటో కింద ఇలా రాస్తే సరిపోయేది: ‘ఉత్తరాన చలి ప్రదేశాల నుంచి వలస వచ్చి, కృష్ణ ఒడ్డున తోక ఎగరేస్తున్న ఉల్లంకి.’